తీపికారం చిలగడదుంప – ఇంటిల్లిపాదికీ ఒకే వంట



సంక్రాంతి వెళ్ళి శ్రమదినములు దగ్గరపడే సమయానికి మన సంతల్లో చిలగడదుంపలు గుట్టలుగా పోసి అమ్ముతారు. కోస్తాలో చిలగడదుంప అంటాము. రాయలసీమలో గెనుసుగడ్డ అంటారు. తెలంగాణలో కొన్నిచోట్ల మోరంగడ్డ అని, రత్నపురిగడ్డ అని పిలుస్తారు. పేరు ఏదైనా దుంప ఒక్కటే. ఆ రోజుల్లో ఓ.పి.కి వచ్చేవారు మమ్మల్ని తప్పకుండా అడిగే ప్రశ్న కూడా ఒక్కటే. "సిస్టరుగారూ, నాకు షుగరు ఉంది కదా, చిలగడదుంప తినవచ్చా?"

ఈ ప్రశ్నకు ఊళ్ళో రెండు జవాబులు దొరుకుతాయి. "అంత తియ్యని దుంప, ముట్టుకోవద్దు" అని ఒకరు చెబుతారు. "అది షుగరుకు మందు, ఎంతైనా తినవచ్చు" అని ఇంకొకరు చెబుతారు. మొదటి మాట విన్నవారు ఇంట్లో అందరూ తింటుంటే చూస్తూ కూర్చుంటారు. చివరకు ఎవరూ చూడనప్పుడు వంటింట్లోకి వెళ్ళి, కొలత లేకుండా తింటారు. రెండో మాట విన్నవారు అన్నం తిన్నాక పైన రెండు కాల్చిన దుంపలు తిని, వారం తరువాత రక్తపరీక్ష చీటీ పట్టుకుని మా దగ్గరకు వస్తారు.

రెండు జవాబులూ సరికావు. చిలగడదుంప నిషిద్ధ వస్తువు కాదు, మందు కూడా కాదు. అది మంచి ఆహారము. అయితే అది ఎవరికి ఎంత మేలు చేస్తుందనేది మూడు సంగతుల మీద ఆధారపడి ఉంటుంది. ఎలా వండారు? ఎంత తిన్నారు? దేనికి బదులుగా తిన్నారు? ఈ మూడూ తెలిస్తే, షుగరు ఉన్నవారికి వేరే కంచం, మిగతావారికి వేరే కంచం పెట్టవలసిన పని ఉండదు. అందుకే ఈ సంచికలో పప్పన్నంలో నంజుకోవడానికి తియ్యగా, కారంగా వేయించిన చిలగడదుంపల వంటకాన్ని, ఇంటిల్లిపాదీ తినగలిగే విధంగా వివరిస్తున్నాము.

దుంపలో ఏముంది?

పచ్చి చిలగడదుంప 100 గ్రాములలో సుమారు 20 నుండి 25 గ్రాముల పిండిపదార్థము, 3 నుండి 4 గ్రాముల పీచు ఉంటాయి. మాంసకృత్తులు చాలా తక్కువ, కొవ్వు దాదాపు లేదు. పొటాషియం 300 మిల్లీగ్రాముల పైన ఉంటుంది. కొంత సి విటమిను కూడా ఉంటుంది. అంటే ఇది వంకాయ, బెండకాయల వంటి కూరగాయ కాదు. లెక్కలో అన్నము, రొట్టెల వరుసలో చేర్చవలసిన పదార్థము. ఈ ఒక్క సంగతి గుర్తుంటే సగం సమస్య తీరినట్లే. "కూరే కదా" అని అన్నం తగ్గించకుండా తినడం వల్లనే చాలామందికి షుగరు పెరుగుతోంది.

పీచు ఉండడం వల్ల మలబద్ధకం ఉన్నవారికి మంచిది. తొక్కలోనూ, తొక్కకు ఆనుకుని ఉన్న భాగంలోనూ పీచు ఉంటుంది. కనుక మట్టి పోయేలా బాగా రుద్ది కడిగి, తొక్కతోనే వండుకుంటే మేలు.

లోపలి కండ రంగును కూడా గమనించండి. మన దగ్గర ఎక్కువగా దొరికేవి తెల్లని కండ గలవి. నారింజరంగు కండ గలవాటిలో బీటా కెరోటిన్ అధికంగా ఉంటుంది. మన శరీరము దానిని ఎ విటమినుగా మార్చుకుంటుంది. ఎ విటమిను లోపిస్తే పిల్లలకు రేచీకటి వస్తుంది, లోపము తీవ్రమైతే చూపే పోతుంది. ఆఫ్రికా దేశాలలో నారింజరంగు చిలగడదుంపను పేద కుటుంబాల పొలాలకు చేర్చి ఈ లోపాన్ని తగ్గించడానికి కృషి చేసినందుకు మరియా ఆండ్రాడే, రాబర్ట్ మ్వాంగా, జాన్ లో అనే శాస్త్రజ్ఞులకు, వారితోపాటు హోవార్త్ బూయిస్‌కు 2016లో వరల్డ్ ఫుడ్ ప్రైజ్ లభించింది. మన దేశంలో తిరువనంతపురంలోని కేంద్ర దుంప పంటల పరిశోధన సంస్థ కూడా భూ సోనా అనే నారింజరంగు రకాన్ని తయారు చేసింది. సంతలో అలాంటివి దొరికితే పిల్లల కోసం అవే కొనండి. బీటా కెరోటిన్ ఒంటికి పట్టాలంటే కొద్దిగా నూనె అవసరము. ఒట్టి ఉడికించిన దుంప కన్నా చెంచాడు నూనెతో తాలింపు పెట్టినది ఈ విషయంలో మంచిది.

నెమ్మదిగా కాలిస్తే ఎందుకు తియ్యనవుతుంది?

పచ్చిదుంప కొరికితే అంత తీపి ఉండదు. అదే దుంప పొయ్యిలో నిప్పుల కింద పెట్టి తీస్తే తేనెలాగా ఉంటుంది. మధ్యలో బెల్లం ఎవరూ వేయలేదు కదా, ఆ తీపి ఎక్కడిది?

చిలగడదుంపలో బీటా ఎమిలేజ్ అనే ఎంజైము సహజంగా ఉంటుంది. దుంప నెమ్మదిగా వేడెక్కి సుమారు 60 డిగ్రీలు దాటేసరికి లోపలి పిండిపదార్థము మెత్తబడుతుంది. అప్పుడు ఈ ఎంజైము దానిని ముక్కలు చేసి మాల్టోజ్ అనే చక్కెరగా మారుస్తుంది. వేడి ఇంకా బాగా పెరిగితే ఎంజైము పనిచేయడం మానివేస్తుంది. కనుక సన్నని సెగ మీద ఎక్కువసేపు ఉంచితే తీపి ఎక్కువ, పెద్దమంట మీద త్వరగా వండితే తీపి తక్కువ. కాల్చేటప్పుడు నీరు ఆవిరై పోవడం వల్ల ఆ తీపి మరింత చిక్కబడుతుంది.

ఆరోగ్యంగా ఉన్నవారికి ఇది శుభవార్త. ఓపికగా వేయిస్తే బెల్లం, చక్కెర పెద్దగా అవసరం ఉండదు. షుగరు ఉన్నవారికి మాత్రం ఇదే హెచ్చరిక. ఒకే దుంప ఉడికించినప్పుడు ఒక రకంగా, కాల్చినప్పుడు ఇంకొక రకంగా రక్తంలో షుగరును పెంచుతుంది. ఒక పదార్థము తిన్నాక రక్తంలో షుగరు ఎంత వేగంగా పెరుగుతుందో తెలిపే కొలతను గ్లైసీమిక్ ఇండెక్స్ అంటారు. గ్లూకోజుకు 100 అనుకుని మిగతావాటిని దానితో పోల్చి చూస్తారు. జమైకా దేశంలో పది రకాల చిలగడదుంపల మీద చేసిన పరిశోధన 2011లో ప్రచురించబడింది. అందులో ఉడికించిన దుంపలకు ఈ కొలత 41 నుండి 50 వరకు ఉండగా, కాల్చిన దుంపలకు 79 నుండి 93 వరకు ఉంది. అంటే ఉడికించినది నెమ్మదిగా పెంచే ఆహారము, కాల్చినది వేగంగా పెంచే ఆహారము. "దుంప మంచిదా, చెడ్డదా" అని అడిగేకంటే "ఉడికించారా, కాల్చారా" అని అడగడం మంచిదని మేము చెప్పేది ఇందుకే.

కొనేటప్పుడు, నిల్వచేసేటప్పుడు

గట్టిగా, తొక్క నున్నగా, మధ్యస్థంగా ఉన్న దుంపలను ఏరుకోండి. చిన్న చిన్న రంధ్రాలు ఉన్నవి, నల్లని మచ్చలు పడినవి, బూజు పట్టినవి, మెత్తబడినవి వద్దు. ముక్కుపురుగు తొలిచిన దుంపను కోస్తే లోపల నల్లని చారలు కనబడతాయి. వాసన తేడాగా ఉంటుంది, రుచి చేదుగా ఉంటుంది. పురుగు తొలిచినప్పుడు, బూజు పట్టినప్పుడు దుంపలో తయారయ్యే చేదు పదార్థాలు హానికరమైనవి. వండినంత మాత్రాన అవి పోవు. అలాంటి దుంపలు తిని పశువులు ఊపిరితిత్తులు చెడి చనిపోయిన సంగతులు పశువైద్యులకు తెలుసు. కనుక "పాడైన మేరకు కోసేసి వండుదాము" అనుకోవద్దు, "గేదెకు పెడదాము" అని కూడా అనుకోవద్దు. చేదుగా ఉన్న దుంపను పారవేయండి.

పచ్చిదుంపలను ఫ్రిజ్‌లో పెట్టకండి. చలికి లోపల గట్టిపడి, ఉడికించినా మెత్తబడవు. కడగకుండా, గాలి తగిలే చీకటి మూలన బుట్టలో ఉంచండి.

కావలసినవి

ఇది ఐదుగురు ఉన్న ఇంటికి, అందులో ఒకరికి షుగరు ఉన్నదనుకుని చెబుతున్న లెక్క.

చిలగడదుంపలు – 600 గ్రాములు
నూనె – 5 టీస్పూన్లు
ధనియాలు – 2 టీస్పూన్లు
జీలకర్ర – 1 టీస్పూను
మిరియాలు – అర టీస్పూను
ఎండుమిరపకాయలు – 3
వెల్లుల్లి – 4 రెబ్బలు
ఆవాలు – అర టీస్పూను
కరివేపాకు – 2 రెమ్మలు
పసుపు – చిటికెడు
ఉప్పు – ముప్పావు టీస్పూను
బెల్లం తురుము – 2 టీస్పూన్లు
నిమ్మకాయ – 1

చేసే విధానము

ముందుగా కారంపొడి చేసుకోవాలి. ధనియాలు, జీలకర్ర, మిరియాలు, ఎండుమిరపకాయలను నూనె లేకుండా సన్నని సెగ మీద కమ్మని వాసన వచ్చేవరకు వేయించి, చల్లారాక వెల్లుల్లి చేర్చి బరకగా దంచండి. దీనిలో నుండి ఒక టీస్పూనుడు పొడి తీసి వేరే పెట్టుకోండి.

దుంపలను కడిగి, తొక్కతోనే అంగుళం ముక్కలుగా కోయండి. ముక్కలన్నీ ఒకే సైజులో ఉండాలి. లేకపోతే చిన్నవి మాడిపోతాయి, పెద్దవి పచ్చిగా ఉంటాయి. కోసిన వెంటనే నీళ్ళలో వేస్తే నల్లబడవు. వీటిలో సుమారు 100 గ్రాముల ముక్కలు, అంటే ఒక మధ్యస్థపు దుంప ముక్కలు, షుగరు ఉన్నవారి కోసం విడిగా తీసి పెట్టండి.

ఇంట్లోవారందరి కోసం: 500 గ్రాముల ముక్కలను నీళ్ళలో నుండి తీసి పొడిబట్టతో అద్దండి. తడి ఉంటే వేగవు, చితికిపోతాయి. అడుగు మందంగా ఉన్న ఇనుప మూకుడులో 4 టీస్పూన్ల నూనె వేసి, సగం ఆవాలు, ఒక రెమ్మ కరివేపాకు వేసి చిటపటలాడాక ముక్కలు, పసుపు వేయండి. మూత పెట్టి సన్నని సెగ మీద 12 నుండి 15 నిమిషాలు ఉంచండి. తీపి పుట్టేది ఈ సమయంలోనే, కనుక తొందరపడి మంట పెంచవద్దు. నాలుగైదు నిమిషాలకు ఒకసారి అట్లకాడతో అడుగు నుండి తిప్పుతూ ఉండండి. ముక్కలోకి చాకు సులువుగా దిగాక మూత తీసి, మధ్యస్థపు సెగ మీద 6 నుండి 8 నిమిషాలు అంచులు ఎర్రబడేవరకు వేయించండి. అప్పుడు ముప్పావు వంతు ఉప్పు, కారంపొడి చల్లండి. చివరగా బెల్లం తురుమును ఒక చెంచా నీళ్ళలో కరిగించి వేసి, ఒక నిమిషం కలియబెట్టి దించేయండి. బెల్లం ముందే వేస్తే మాడి చేదెక్కుతుంది. దించాక అరచెక్క నిమ్మరసం పిండండి.

షుగరు ఉన్నవారి కోసం: పక్క పొయ్యి మీద గిన్నెలో నీళ్ళు మరిగించి, విడిగా తీసిన ముక్కలు వేసి 8 నుండి 10 నిమిషాలు ఉడికించండి. చాకు దిగితే చాలు, చిదిమేటంత మెత్తగా ఉడకనివ్వవద్దు. ఎక్కువ మెత్తబడితే, ముద్దగా చేస్తే త్వరగా అరిగి షుగరు త్వరగా పెరుగుతుంది. నీళ్ళు వంచి ఆరబెట్టండి. పెనం మీద ఒక టీస్పూను నూనె వేసి, మిగిలిన ఆవాలు, కరివేపాకు వేగాక ముక్కలు, తీసిపెట్టిన కారంపొడి, మిగిలిన ఉప్పు వేసి రెండు నిమిషాలు మాత్రమే తిప్పి దించండి. బెల్లం వేయవద్దు. నిమ్మరసం పిండండి.

రెండు గిన్నెలూ దాదాపు ఒకే సమయానికి దిగుతాయి. పొడి ఒకటే, తాలింపు ఒకటే, వాసన ఒకటే. ఒకటి వేయించినది, ఒకటి ఉడికించినది, అంతే తేడా. షుగరు ఉన్న నాన్నగారు గాని, అత్తగారు గాని తమకు చప్పిడి కూడు పెట్టారని అనుకోరు.

గ్యాసు మిగల్చాలనుకునే కట్టెల పొయ్యి వారు దుంపలను కోయకుండా నిప్పుల పక్క బూడిదలో కప్పి, అప్పుడప్పుడు తిప్పుతూ అరగంట నుండి ముప్పావు గంట ఉంచి తీయవచ్చు. బూడిద దులిపి, మాడిన తొక్క తీసివేసి, ముక్కలు చేసి పైన కారంపొడి, నిమ్మరసం కలపండి. బాగా నల్లబడిన భాగము ఎవరూ తినవద్దు. విదేశాలలో ఉన్న మన పిల్లలు అవెన్‌లో 200 డిగ్రీల వేడి వద్ద 30 నుండి 40 నిమిషాలు, మధ్యలో ఒకసారి తిప్పి చేసుకోవచ్చు. అమెరికా దుకాణాలలో యామ్ అని అమ్మేవి సాధారణంగా నారింజరంగు చిలగడదుంపలే. వాటిలో నీరు ఎక్కువ గనుక మెత్తగా వస్తాయి. పళ్ళెంలో ముక్కలు ఒకదానిమీద ఒకటి పడకుండా పరిచితే బాగా వేగుతాయి.

ఎవరు ఎంత తినవచ్చు?

షుగరు ఉన్నవారు: షుగరు అదుపులో ఉంటే, ఉడికించి తాలింపు పెట్టినవి 100 గ్రాముల వరకు ఒక పూట తినవచ్చు. ఆ పూట అన్నంలో సుమారు 80 గ్రాములు, అంటే 200 మిల్లీలీటర్ల కప్పుతో అరకప్పు తగ్గించాలి. ఇది ముఖ్యము. దుంప అన్నానికి తోడు కాదు, అన్నంలో కొంత భాగానికి బదులు. కంచంలో పప్పు గాని, గుడ్డు గాని, ఒక ఆకుకూర గాని తప్పకుండా ఉండాలి. ఇంట్లో గ్లూకోమీటరు ఉంటే తిన్న రెండు గంటల తరువాత ఒకసారి పరీక్షించి పుస్తకంలో వ్రాసుకోండి. అందరి శరీరము ఒకేలా ఉండదు. మీకు ఎంత సరిపడుతుందో మా చార్టు కంటే మీ పరీక్షే బాగా చెబుతుంది. షుగరు బాగా ఎక్కువగా ఉన్న రోజుల్లో మాత్రం డాక్టరుగారిని అడిగిన తరువాతే తినండి.

ఇక్కడ ఒక మాట. "చక్కెర మానేశాను, బెల్లమే వాడుతున్నాను" అని చాలామంది సంతోషంగా చెబుతారు. బెల్లము కూడా షుగరును చక్కెర లాగానే పెంచుతుంది. తేనె కూడా అంతే.

బి.పి. ఉన్నవారు: ఈ దుంపలోని పొటాషియం బి.పి. ఉన్నవారికి మంచిదే, మూత్రపిండాలు బాగా పనిచేస్తుంటే. ఉప్పు మాత్రము తగ్గించండి. నిమ్మరసము, మిరియాలు, వెల్లుల్లి ఉన్న వంటకంలో ఉప్పు సగానికి తగ్గినా నాలుక పెద్దగా గుర్తుపట్టదు. ఒక మనిషికి రోజు మొత్తానికి 5 గ్రాముల లోపు, అంటే ఒక టీస్పూను లోపు ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పచ్చడి, అప్పడాలలో ఉన్నది కూడా ఆ లెక్కలోకే వస్తుంది.

మూత్రపిండాల జబ్బు ఉన్నవారు: క్రియాటినిన్ ఎక్కువగా ఉన్నవారు, డయాలసిస్ చేయించుకునేవారు డాక్టరుగారిని గాని, డైటీషియన్‌ను గాని అడగకుండా ఈ వంటకం తినకూడదు. వీరి రక్తంలో పొటాషియం పెరిగితే గుండె లయ తప్పి ప్రాణాపాయము కలుగవచ్చు. వేయించినా, కాల్చినా పొటాషియం దుంపలోనే ఉండిపోతుంది. డాక్టరుగారు కొద్దిగా అనుమతిస్తే, తొక్క తీసి, చిన్న ముక్కలు కోసి, ఎక్కువ నీళ్ళలో ఉడికించి ఆ నీళ్ళు పారబోయాలి. అప్పుడు కొంత తగ్గుతుంది. ఆక్సలేట్ రాళ్ళు వచ్చినవారు కూడా ఈ దుంపను తరచుగా తినకపోవడం మంచిది.

చంటిపిల్లలు: ఆరు నెలలు నిండిన బిడ్డకు ఉడికించిన దుంపను తొక్క తీసి మెత్తగా చిదిమి, తల్లిపాలతో గాని కాచి చల్లార్చిన నీళ్ళతో గాని పలుచన చేసి, కొన్ని చుక్కల నూనె కలిపి పెట్టవచ్చు. ఉప్పు, కారం, బెల్లం వద్దు. ఏడాది లోపు బిడ్డకు తేనె అసలే వద్దు. వేయించిన ముక్కలు చిన్నపిల్లల గొంతులో అడ్డుపడవచ్చు. చిదిమి పెట్టండి, పక్కనే కూర్చుని తినిపించండి.

గర్భిణులు, పాలిచ్చే తల్లులు: నిరభ్యంతరంగా తినవచ్చు. గర్భంతో ఉన్నప్పుడు షుగరు వచ్చినవారు పైన షుగరువారికి చెప్పిన పద్ధతినే పాటించాలి.

ఉపవాసము ఉండేవారికి ప్రత్యేక మనవి

శ్రమదినములలో ఉపవాస ప్రార్థన చేసి, సాయంత్రము దుంపలతో ఉపవాసము విరమించే కుటుంబాలు మన సంఘాలలో ఉన్నాయి. శివరాత్రి ఉపవాసము తరువాత చిలగడదుంపలు తినే అలవాటు మన ఇరుగుపొరుగు హిందూ కుటుంబాలలోనూ ఉంది. ఆరోగ్యవంతులకు దీనివలన ఇబ్బంది లేదు. షుగరు మందులు వాడేవారి విషయంలో మాత్రము మాకు భయము.

జరిగేది ఇది. ఉదయము అలవాటు ప్రకారము మాత్ర వేసుకుంటారు, లేదా ఇన్సులిన్ తీసుకుంటారు. తరువాత ఏమీ తినరు. గ్లిమిపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వంటి మాత్రలు, ఇన్సులిన్ మనము తిన్నామా లేదా అని చూడవు. అవి షుగరును తగ్గిస్తూనే ఉంటాయి. మధ్యాహ్నానికి చెమటలు, వణుకు, కళ్ళు తిరగడం, మాట తడబడడం మొదలవుతాయి. "ఉపవాసము వల్ల నీరసము" అనుకుని సాయంత్రము వరకు ఓర్చుకుంటారు. అలా ఓర్చుకుని స్పృహ తప్పిన తరువాత మా అత్యవసర విభాగానికి తీసుకువచ్చిన వారిని మేము చూశాము. ఇక కొందరు మాత్ర మానివేసి, సాయంత్రము ఆకలి మీద కాల్చిన దుంపలు నాలుగైదు తింటారు. అప్పుడు షుగరు ఒక్కసారిగా పైకి పోతుంది.

కనుక ఉపవాసము మొదలుపెట్టడానికి ముందే డాక్టరుగారిని కలసి మందుల సంగతి అడగండి. మాత్రను మీ అంతట మీరు వేసుకోవద్దు, మీ అంతట మీరు మానవద్దు. లక్షణాలు కనబడితే వెంటనే షుగరు పరీక్షించండి. 70 కంటే తక్కువ ఉంటే, లేదా పరీక్షించే వీలు లేకపోతే, మూడు టీస్పూన్ల చక్కెర నీళ్ళలో కలిపి త్రాగండి. వోగ్లిబోస్, అకార్బోజ్ మాత్రలు వాడేవారికి చక్కెర త్వరగా పనిచేయదు. వారు గ్లూకోజ్ పొడి కలుపుకోవాలి. 15 నిమిషాలు ఆగి, తగ్గకపోతే మరల త్రాగి, కుదుటపడ్డాక భోజనము చేయండి. ఆ సమయములో "తియ్యగా ఉంటుంది కదా" అని చిలగడదుంప పెట్టవద్దు. అది అరిగి రక్తంలోకి చేరడానికి సమయము పడుతుంది. స్పృహ లేని మనిషి నోట్లో ఏమీ పోయవద్దు, వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

ఉపవాసము విరమించేటప్పుడు ముందు మంచినీళ్ళు, తరువాత పలుచని మజ్జిగ, ఆ తరువాత పప్పు, ఆకుకూరతో కొద్దిగా అన్నము, ఉడికించిన దుంపముక్కలు గుప్పెడు. ఈ వరుసలో తింటే కడుపుకు సుఖము, షుగరుకు కూడా అదుపు. అనారోగ్యము వలన ఉపవాసము ఉండలేనివారు నొచ్చుకోవలసిన అవసరము లేదు. మన దేహము దేవుని ఆలయమని నమ్మేవారము, దానిని కాపాడుకోవడం కూడా భక్తిలో భాగమే. ఒక పూట భోజనపు ఖర్చు పేదవారికి ఇచ్చి, ఆ సమయాన్ని ప్రార్థనలో గడపవచ్చు.

సంఘములో ప్రేమవిందు వండేవారికి ఒక సలహా. పెద్ద గుండిగలో వేయించిన దుంపలు పెట్టినప్పుడు, పక్కనే చిన్న గిన్నెలో బెల్లం లేకుండా ఉడికించి తాలింపు పెట్టినవి కూడా ఉంచి, దాని మీద చీటీ పెట్టండి. వడ్డించేవారు "మీకు షుగరా?" అని పదిమందిలో గట్టిగా అడగనవసరం లేదు. కావలసినవారు వారే తీసుకుంటారు. పంక్తిలో అందరితో కలసి కూర్చుని, అందరూ తినేదే తాము కూడా తింటున్నామనే సంతోషము జబ్బుతో ఉన్నవారికి ఎంత బలమో మేము వార్డులలో రోజూ చూస్తున్నాము.

ఈ వారము సంతకు వెళ్ళినప్పుడు మంచి దుంపలు ఏరి తెచ్చుకోండి. రెండు పొయ్యిలు వెలిగించండి, ఒకే కారంపొడి దంచండి, అందరూ కలసి కూర్చుని తినండి. మీ షుగరు పుస్తకము, మీ సందేహాలు తీసుకుని ఓ.పి. రోజున ఆహార విభాగానికి రండి. దేవుడు మీ కుటుంబాలను ఆయురారోగ్యాలతో దీవించును గాక.